సైటేషన్ల లెక్క శాస్త్రవేత్తకు కొలమానం కాదు

ఒక శాస్త్రవేత్త ఎన్ని పరిశోధన పత్రాలు ప్రచురించారు, వాటికి ఎన్ని సైటేషన్లు (ఇతర పత్రాల్లో ఉటంకింపులు) వచ్చాయి అన్న రెండు లెక్కలు చూస్తే చాలు, ఆ మనిషి స్థాయి తేలిపోతుందన్న నమ్మకం నేటి విద్యాలోకంలో పాతుకుపోయింది. అధ్యాపక నియామకాలు, పదోన్నతులు, ప్రాజెక్టు నిధులు అన్నీ ఈ లెక్కల చుట్టూనే తిరుగుతున్నాయి. దేశంలోని విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా ప్రచురణలకు, సైటేషన్లకు మార్కులు వేస్తుంది. ‘ప్రపంచ అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్లు’ అన్న వార్త తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా శాలువా ఫొటోతో సహా కనిపిస్తుంది.

ఈ నమ్మకాన్ని సమర్థించేవారి వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. సెలక్షన్ కమిటీల్లో సిఫారసులు, కులం, ప్రాంతం, గురుశిష్య బంధాలు పనిచేస్తాయి. అంకెలకు ఆ జబ్బు లేదు. మంచి పత్రాన్ని తోటివారు ఉటంకిస్తారు, నాసిరకం పత్రాన్ని వదిలేస్తారు. కాబట్టి ఎక్కువ సైటేషన్లు వచ్చినవారే ఎక్కువ మేలైన పరిశోధకులు. గణితజ్ఞుడైనా, జీవశాస్త్రవేత్త అయినా, వరి వంగడాలు తీసే వ్యవసాయ శాస్త్రవేత్త అయినా ఈ కొలతకు అందరూ సమానమే. ఈ వాదనలోని మెట్లను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఏదీ బరువు మోయదని తేలుతుంది.

ముందుగా, ఈ లెక్కలు ఎందుకోసం పుట్టాయో చూడాలి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో సైటేషన్ సూచిక ఆలోచనను ప్రతిపాదించి, 1964లో ఫిలడెల్ఫియాలోని తన సంస్థ నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను తెచ్చారు. ఒక పాత పత్రాన్ని ఆ తరువాత ఎవరెవరు వాడుకున్నారో, ఎవరెవరు తప్పుపట్టారో వెతికి పట్టుకోవడానికి అది సాధనం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఆ సూచికలో ఏ జర్నళ్లను చేర్చాలో తేల్చుకోవడానికి పుట్టిన లెక్కే. గడచిన రెండేళ్లలో ఒక జర్నల్ వేసిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది జర్నల్‌కు సగటు మాత్రమే, అందులో రాసినవారికి యోగ్యతాపత్రం కాదు. ‘నేచర్’ పత్రిక తన సొంత ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను విశ్లేషించుకుని, 89 శాతం సైటేషన్లు కేవలం 25 శాతం పత్రాల వల్లే వచ్చాయని 2005లో స్వయంగా రాసింది. ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’ విభాగం కథ ఇంకా విడ్డూరం. 2008లో రెండు దగ్గర ఉన్న దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో 49.926కు ఎగబాకింది. కారణం ఒకే ఒక్క పత్రం. స్ఫటికాల నిర్మాణాన్ని తేల్చే షెల్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ గురించి జార్జ్ షెల్డ్రిక్ 2008లో రాసిన వ్యాసాన్ని ఆ సాఫ్ట్‌వేర్ వాడినవారంతా ఉటంకించారు. రెండేళ్ల గడువు దాటగానే జర్నల్ మళ్లీ రెండు దగ్గరికే దిగివచ్చింది. ఆ రెండేళ్లలో ఆ జర్నల్‌లో రాసిన మిగతావారి పరిశోధన ఒక్కసారిగా పాతిక రెట్లు గొప్పదైపోలేదు.

మంచి పత్రాన్నే ఉటంకిస్తారన్న రెండో మెట్టు మరీ బలహీనం. సైటేషన్ అంటే మెచ్చుకోలు కాదు. పద్ధతిని వాడుకున్నందుకు ఉటంకిస్తారు, ఆనవాయితీగా ఉటంకిస్తారు, సమీక్షకుడు అడిగాడని ఉటంకిస్తారు, తప్పని చెప్పడానికీ ఉటంకిస్తారు. ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి ‘లాన్సెట్’ పత్రాన్ని 2010లో వెనక్కి తీసుకున్నారు. దాన్ని ఖండిస్తూ రాసిన పత్రాలన్నీ దాని సైటేషన్ల ఖాతాలోనే జమపడ్డాయి. అభిశంసనకూ ప్రశంసకూ తేడా తెలియని లెక్క అది. శాస్త్ర చరిత్రలో అత్యధిక సైటేషన్లు పొందిన పత్రం ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతిపై లౌరీ బృందం 1951లో రాసినది; దాని లెక్క మూడు లక్షలు దాటింది. వాట్సన్, క్రిక్ 1953లో డీఎన్‌ఏ జంట సర్పిల నిర్మాణాన్ని వెల్లడించిన పత్రం ‘నేచర్’ 2014లో వేసిన మొదటి వంద పత్రాల జాబితాలోనే లేదు. సైటేషన్లే గొప్పతనమైతే ప్రొటీన్ కొలత ముందు డీఎన్‌ఏ నిర్మాణం దిగదుడుపని ఒప్పుకోవాలి.

ఇదే వైరుధ్యం యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. రక్తం నమూనాలోంచి ప్రొటీన్లను తొలగించి, ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ ద్రావణాన్ని చేర్చి, ఆపైన ఒక క్షయకరణి కలిపితే నీలి రంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ప్రయోగశాలల్లో రోజూ పనికొచ్చే పద్ధతి కనుక ఆ పత్రం దశాబ్దాల తరబడి అత్యధికంగా ఉటంకింపు పొందిన పత్రాల్లో ఒకటిగా నిలిచింది. అదే జంట 1929లో జీవకణానికి శక్తినందించే ఏటీపీని వెల్లడించింది. ఆ పత్రం సైటేషన్లు మొదటిదాని దరిదాపులకు కూడా రావు. జీవరసాయన శాస్త్రంలో ఆ రెంటిలో ఏది పెద్ద ఆవిష్కరణో ఇంటర్ విద్యార్థికి కూడా తెలుసు.

ఆ తరువాతి కథ ప్రచురణల లెక్కకు అసలే అందదు. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కక 1940లో సుబ్బారావు లెడర్లె ఔషధ సంస్థ ప్రయోగశాలలకు వెళ్లారు. ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది, దానికి విరుద్ధంగా పనిచేసే అమినాప్టెరిన్‌ను తయారుచేసింది. ఆ మందును సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో బాధపడే పిల్లలకు ఇచ్చి, వారిలో తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని 1948లో ప్రకటించారు. క్యాన్సర్ కీమోథెరపీకి పునాది వేసిన ఆ పత్రం రచయితల వరుసలో సుబ్బారావు పేరు లేదు. రచయితల పేర్లను బట్టి పంచే సైటేషన్లలో ఒక్కటి కూడా ఆయన ఖాతాకు రాదు. పరిశ్రమలో పనిచేసే పరిశోధకులకు, పరికరాలు తయారుచేసేవారికి, సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఇదే అన్యాయం నేటికీ జరుగుతోంది.

గొప్ప పని పూర్తిగా జీర్ణమైపోతే సైటేషన్ మాయమవుతుంది కూడా. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు 1945లో ‘బులెటిన్ ఆఫ్ ద కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ’లో ఒక పత్రం ప్రచురించారు. క్రామర్–రావు అవధి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతాల మూలాలు అందులోనే ఉన్నాయి. వాటిని రోజూ వాడే గణాంక శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు. వారిలో 1945 నాటి మూలపత్రాన్ని ఉటంకించేవారు కొద్దిమందే. మిగతావారు పాఠ్యపుస్తకాన్నో, కేవలం సిద్ధాంతం పేరునో రాసి ఊరుకుంటారు. ఇలా మూలం కనుమరుగు కావడాన్ని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఏనాడో గుర్తించారు. నేటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల నిచ్చెనలో పై మెట్లలో లేని జర్నల్‌లో వచ్చిన ఆ పనికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం దక్కింది. పురస్కారం ఇచ్చినవారు ఆ పత్రాన్ని చదివి, దాని ప్రభావాన్ని ఎరిగి ఇచ్చారు.

ఇక ఈ కొలతకు అన్ని రంగాలూ సమానమేనన్న మెట్టు. అంతర్జాతీయ గణిత సమాఖ్య మరో రెండు సంస్థలతో కలిసి 2008లో వెలువరించిన సైటేషన్ గణాంకాల నివేదిక దీన్ని సూటిగా తిప్పికొట్టింది. జీవశాస్త్రాల పత్రానికి సగటున వచ్చే సైటేషన్లు గణిత పత్రానికి వచ్చేవాటికి ఎన్నో రెట్లు. గణితజ్ఞుల్లో లోతు తక్కువై కాదు. గణిత పత్రం చివర ఇరవై ఉటంకింపులుంటే జీవశాస్త్ర పత్రం చివర అంతకు రెండు మూడింతలుంటాయి. గణితంలో పనిచేసేవారు తక్కువ, పత్రం వెలువడడానికి ఏళ్లు పడుతుంది, పాత పత్రాలకు కాలదోషం పట్టదు. గణిత జర్నళ్లకు వచ్చే సైటేషన్లలో దాదాపు 90 శాతం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కించే రెండేళ్ల కిటికీకి అవతలే పడతాయని ఆ నివేదికే చెప్పింది. ఫలితంగా గణితంలో శిఖరస్థాయి జర్నల్ ‘అన్నల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒంటి అంకెలోనే ఉంటుంది. క్యాన్సర్ వైద్యుల కోసం వెలువడే ‘సీఏ’ అనే జర్నల్‌ది ఇటీవల 200 దాటింది. ఏటా క్యాన్సర్ కేసుల గణాంకాలు వేసే పత్రిక అది. ఆ రంగంలో పత్రం రాసే ప్రతివారూ మొదటి వాక్యంలోనే దాన్ని ఉటంకించాల్సి వస్తుంది.

రచయితల పేర్ల ఆనవాయితీ కూడా రంగానికొక తీరు. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై కణభౌతిక ప్రయోగ బృందాలైన అట్లాస్, సీఎంఎస్ 2015లో కలిసి ప్రచురించిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు వారి పేర్లు, సంస్థల వివరాలకే సరిపోయాయి. ఆ పత్రానికి వచ్చే ప్రతి సైటేషన్ ఐదువేల పైచిలుకు ఖాతాల్లో ఒక్కొక్కటిగా జమవుతుంది. ఒంటరిగా కూర్చుని ఏడేళ్లకొక సిద్ధాంతం నిరూపించే గణితజ్ఞురాలిని ఈ ఖాతాలతో పోల్చడం అర్థం లేని పని. జీవశాస్త్రంలో మొదటి పేరు బెంచి ముందు కష్టపడిన పరిశోధకులది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. గణితంలో, కణభౌతికంలో పేర్లు ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉంటాయి.

వ్యవసాయ పరిశోధన దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో తీసిన వరి వంగడం స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 1982లో విడుదలైంది. బాపట్లలో తీసిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో వచ్చింది. స్వర్ణ ఒడిశా, బెంగాల్ మాగాణుల దాకా పాకింది, సాంబ మసూరి తెలుగువారి కంచంలో స్థిరపడింది. వంగడం విడుదలకు సైటేషన్లు ఉండవు. రైతు ఉటంకించడు, విత్తనం కొంటాడు. ముంపును తట్టుకునే సబ్1ఎ జన్యువుపై 2006లో ‘నేచర్’లో వచ్చిన పత్రానికి మాత్రం సైటేషన్లు కుప్పలుగా వచ్చాయి. ఆ పత్రం గొప్పదే. కానీ ఆ జన్యువును పొలానికి చేర్చడానికి ఎక్కించింది మార్టేరు స్వర్ణలోకే. స్వర్ణ సబ్1 అలా పుట్టింది. ఈ రెండు పనుల్లో ఒకదాన్ని మాత్రమే చూడగల కొలమానాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పదోన్నతికి ప్రమాణంగా పెడితే, వంగడాలు తీయాల్సినవారు పత్రాలు తీస్తారు.

హెచ్-ఇండెక్స్ ఈ లోపాలను సరిదిద్దిందని కొందరు అంటారు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో దాన్ని ప్రతిపాదించారు. ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లు వచ్చిన పత్రాలు పది ఉంటే హెచ్-ఇండెక్స్ పది. ఈ లెక్క తనతో తనే ఎలా విభేదిస్తుందో కాగితం మీద వేసి చూడవచ్చు. మొదటి పరిశోధకురాలికి తొమ్మిదేసి సైటేషన్లున్న పత్రాలు తొమ్మిది. ఆమె ఇండెక్స్ 9. రెండో పరిశోధకురాలికి పదిహేనేసి సైటేషన్లున్న పత్రాలు ఏడు. ఆమె ఇండెక్స్ 7. మొదటివారు ముందున్నారు. ఆ తరువాత ఇద్దరూ సరిసమానంగా, పదిహేనేసి సైటేషన్లు వచ్చే పత్రాలు ఐదేసి రాశారనుకుందాం. మొదటివారికి పది దాటిన పత్రాలు ఐదే కనుక ఇండెక్స్ 9 దగ్గరే ఆగిపోతుంది. రెండోవారికి పదిహేనేసి సైటేషన్లున్న పత్రాలు పన్నెండవుతాయి, ఇండెక్స్ 12కు చేరుతుంది. సమానమైన పని చేసినా వరుస తారుమారైంది. పిల్లల ఎత్తు కొలిచే బద్ద ఇలా ప్రవర్తిస్తే ఏ బడిలోనూ దాన్ని ఉంచుకోరు. ఈ సూచికకు ప్రతికూల పర్యవసానాలు తీవ్రంగా ఉండవచ్చని 2020లో హిర్ష్ స్వయంగా రాశారు.

అయినా సర్దుబాటు చేస్తే సరిపోతుందన్నది తరువాతి వాదన. రంగం సగటుతో భాగించి పోలిస్తే గణితజ్ఞులకు న్యాయం జరుగుతుందట. పత్రికల్లో ఏటా వచ్చే ‘రెండు శాతం’ జాబితా కూడా ఇలా రంగాలవారీగా సర్దేదే. స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ ఐయోనిడిస్ బృందం స్కోపస్ సమాచారం నుంచి తయారుచేసే దత్తాంశం అది. విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదు కాదు. అందులో శాస్త్రాలను 174 ఉపరంగాలుగా విడగొట్టి, ఆరు సూచీలను కలిపి ఒక స్కోరు తీస్తారు. ఆ ఆరింటిలో మూడు, రచయిత ఒంటరిగా రాశారా, మొదటి పేరా, చివరి పేరా అన్నదాని మీద ఆధారపడతాయి. పేర్లు అక్షరక్రమంలో ఉండే రంగాల్లో ఇంటిపేరు ఇంగ్లిషు ‘ఏ’తోనో ‘వై’తోనో మొదలైనవారికి లాభం, ‘ఎమ్’తో మొదలైనవారికి నష్టం. సగటుతో భాగించడం కూడా అనుకున్నంత న్యాయం చేయదు. సైటేషన్లు కొద్ది పత్రాల మీదే కుప్పపడతాయి కనుక అలాంటి సగటు ఎవరినీ ప్రతిబింబించదు. గణితంలోనే సంఖ్యాశాస్త్రానికీ అనువర్తిత గణితానికీ ఆనవాయితీలు వేరు. రెండు రంగాల సరిహద్దులో పనిచేసేవారిని ఏ గంపలో వేస్తే ఆ గంపను బట్టి వారి స్థాయి మారుతుంది.

అంకెలకు పక్షపాతం లేదన్న మొదటి మెట్టు కూడా నిలవదు. అంకెలు ఆలస్యంగా వస్తాయి, నిర్ణయాలు ముందే జరిగిపోతాయి. జీవరసాయన శాస్త్రవేత్త కాటలిన్ కారికోకు నిధులు రాలేదని 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హోదా తగ్గించారు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు దారితీసిన ఆమె 2005 నాటి పత్రం వెలువడినప్పుడు పట్టించుకున్నవారు తక్కువ. 2023లో ఆ పనికే నోబెల్ వచ్చింది. గణితజ్ఞుడు యిటాంగ్ జాంగ్ ప్రధాన సంఖ్యల మధ్య ఎడంపై 2013లో సంచలన ఫలితం ప్రకటించేనాటికి ఆయన పేరిట పత్రాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే. తను నేటి వ్యవస్థలో ఉంటే తగినన్ని పత్రాలు రాయలేదని ఉద్యోగమే దొరికేది కాదని భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ 2013లో బాహాటంగా అన్నారు. అరుదైన ఉదాహరణలతో వ్యవస్థను తప్పుపట్టకూడదని కొందరంటారు. కానీ శాస్త్రం ముందుకు సాగేది అరుదైన పనుల వల్లే. వాటిని జల్లెడలోంచి జారవిడిచే కొలమానం తన ప్రధాన పరీక్షలోనే తప్పినట్టు.

పక్షపాతం లేదన్న ఆ అంకెల్ని వంచడం ఎంత తేలికో కూడా రుజువైంది. గ్రెనోబుల్‌కు చెందిన సిరిల్ లాబే 2010లో ‘ఐక్ అంట్‌కేర్’ అనే లేని శాస్త్రవేత్తను సృష్టించారు. కంప్యూటర్ అల్లిన అర్థంపర్థం లేని వంద పత్రాలు ఒకదాన్నొకటి ఉటంకించేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. గూగుల్ స్కాలర్ లెక్కల్లో ఆ కల్పిత మనిషి హెచ్-ఇండెక్స్ 94కు చేరి ఐన్‌స్టీన్‌ను దాటిపోయింది. అది సరదాగా చేసిన హెచ్చరిక. నిజంగా జరిగేది అంత సరదాగా లేదు. దాదాపు లక్షమంది శాస్త్రవేత్తల దత్తాంశాన్ని 2019లో పరిశీలించినప్పుడు, సైటేషన్లలో సగానికి పైగా తమవో తమ సహరచయితలవో అయినవారు కనీసం 250 మంది తేలారు. పేరుమోసిన ‘అత్యధిక సైటేషన్ల పరిశోధకుల’ జాబితాను తయారుచేసే క్లారివేట్, 2023లో వెయ్యిమందికి పైగా పేర్లను అనుమానంతో పక్కనపెట్టింది. గణిత రంగాన్ని ఆ జాబితా నుంచి పూర్తిగా తొలగించాల్సి వచ్చింది. హిందావి ప్రచురణ సంస్థ జర్నళ్ల నుంచి ఒక్క 2023లోనే ఎనిమిది వేలకు పైగా పత్రాలను వెనక్కి తీసుకున్నారు. పదోన్నతి అంకెకు ముడిపడ్డప్పుడు అంకెను తయారుచేసి అమ్మే అంగళ్లు వెలియడం సహజం. పత్రానికి నగదు బహుమతులిచ్చే ఆనవాయితీ పాకిన చైనాలో ప్రభుత్వమే 2020లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పమని ఆదేశించింది.

సైటేషన్ లెక్కలు ఎందుకూ పనికిరావని దీని అర్థం కాదు. ఒక ఆలోచన ఎక్కడినుంచి ఎక్కడికి పాకిందో వెతకడానికి, ఒక దేశంలో ఏ రంగం పెరుగుతోందో స్థూలంగా చూడడానికి, గ్రంథాలయం ఏ జర్నల్‌కు చందా కట్టాలో తేల్చడానికి అవి ఉపయోగమే. వేల పత్రాల మీద తీసిన లెక్కలో ఒడిదుడుకులు కొంత సర్దుకుంటాయి. ఒక్క మనిషి మీద తీసిన లెక్కలో సర్దుకోవు. రంగాలు మారిన ఇద్దరి మధ్య పోలికలో అసలే సర్దుకోవు.

ప్రత్యామ్నాయం లేదనడం కూడా సరికాదు. జర్నల్ అంకెలతో వ్యక్తులను అంచనా వేయవద్దన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లో వచ్చింది, సూచీలను వాడే తీరుపై పది సూత్రాల లైడెన్ మ్యానిఫెస్టో 2015లో వచ్చింది. జర్మనీ పరిశోధన మండలి డీఎఫ్‌జీ 2010లోనే దరఖాస్తుదారులు తమ ముఖ్యమైన ఐదు పత్రాలు మాత్రమే చూపాలని నియమం పెట్టింది. ఐదు పత్రాలను ఆ రంగం తెలిసిన ముగ్గురు చదివి, ఎందుకు మేలో ఎందుకు కాదో కారణాలు రాసి సంతకం చేయడం అసాధ్యమేమీ కాదు. వంగడం, మందు, పరికరం, సాఫ్ట్‌వేర్, పాఠ్యపుస్తకం కూడా ఆ ఐదింటిలో ఉండవచ్చు. ఇందులో పక్షపాతం చోటుచేసుకోవచ్చు, నిజమే. కానీ కారణాలు రాసిన పక్షపాతాన్ని ప్రశ్నించవచ్చు. అంకె వెనుక దాక్కున్న పక్షపాతాన్ని ప్రశ్నించే వీలే లేదు.

శాస్త్రవేత్త స్థాయి తేల్చడం తెలిసినవారు చదివి చేయాల్సిన పని. చదివే తీరిక లేని కమిటీకి నియమించే అర్హత కూడా లేదు. విశ్వవిద్యాలయాలు తమ నియామక, పదోన్నతి నిబంధనల్లోంచి హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడులను కొట్టివేసి, వాటి స్థానంలో చదివినవారి అభిప్రాయాన్ని కారణాలతో సహా నమోదు చేయాలి.